దిద్దకుండా వదిలిన తప్పు

నవంబరు 8

ఎడమచేత్తో రాస్తున్నాను. ఒకటో తరగతి పిల్ల రాతలా ఉంది. ఒక్కటే లాభం. మన అరబీ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక ఎడమచెయ్యి ముందు పోతుంది, తడి సిరా మీద పాకదు. ముప్పైనాలుగేళ్ళు బళ్ళో అరబీ చెబుతూ, ఆడపిల్లల కుడి అరచేతుల మీద సిరా మరకలు చూసి తిట్టాను. అది లిపి తప్పని, పిల్లల తప్పు కాదని డెబ్బైనాలుగేళ్ళకు తెలిసింది.

నొప్పి కుడిచేతిలో, భుజానికీ మోచేతికీ మధ్య. రుమాటిజం అంటాడు హాజిమ్. నా కొడుకు ఓడల ఇంజన్లు బాగుచేస్తాడు. ఎముకలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి కాబోలు.

ఇక చాలు. ఎడమది కూడా లాగుతోంది.

నవంబరు 9

గుండీలు పెట్టుకోవడానికి పావుగంట. పై గుండీ వదిలేశాను. చూసేవాళ్ళెవరు?

నవంబరు 11

నష్వా వచ్చింది, ఎనిమిది నెలల కడుపుతో, నాలుగు అంతస్తులెక్కి. ఈ లిఫ్టు ఎప్పుడు పాడైందో ఎవరికీ గుర్తులేదు.

"నీకు బుద్ధుందా?" అన్నాను.

"ఉంటే నీ కడుపున ఎందుకు పుడతానమ్మా," అంది. కూతురికి నోరు నాదే వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళకు ఈ కడుపు. ఎన్ని సూదులు, ఎన్ని ఆసుపత్రులు. దాని ముందు నా చెయ్యి గురించి మాట్లాడటం నాకే సిగ్గు.

వెనకే దాని అత్తగారు, హాజ్జా దౌలత్, అన్నం కూరిన ద్రాక్షాకుల చుట్టల గిన్నె పట్టుకుని. ఆవిడ చేతులు చూస్తే ఓడరేవులో మూటలు మోయాల్సిన మనిషి పొరపాటున ఇల్లాలయిందనిపిస్తుంది. కూర్చోగానే అంది:

"వదినగారూ, ఏడో రోజుకు ఇత్తడి రోలు నేను మోగిస్తాలెండి. మీ చెయ్యి ఇలా ఉందిగా."

"నా చెయ్యి ఎలా ఉంది?"

"రుమాటిజం కదా, పాపం."

పాపమట! ఈ భవనంలో పుట్టిన ప్రతి పిల్లకూ ఏడో రోజున, పడుకోబెట్టిన జల్లెడ పక్కన రోలు మోగించి, అమ్మ మాట విను, నాన్న మాట వినకు అని మొదటి పాఠం చెప్పింది నేను. హాజిమ్‌కు చెప్పాను. నష్వాకు చెప్పాను. మూడో అంతస్తు దర్జీ పిల్లలు ఐదుగురికీ చెప్పాను (ఐదుగురూ ఎవరి మాటా వినలేదు, అది వేరే సంగతి). పదకొండేళ్ళు ఎదురుచూసిన నా కూతురి బిడ్డకు దౌలత్ మోగిస్తుందా?

"నేనే మోగిస్తాను," అన్నాను.

నష్వా నా చెయ్యి వంక చూసి, చూపు తిప్పేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక రోకలి ఎత్తబోయాను. ఎత్తలేదు. ఎత్తబోయాను అని మాత్రమే రాస్తున్నాను.

నవంబరు 12

పెద్దాసుపత్రి. హాజిమ్ తీసుకెళ్ళాడు. కుర్ర డాక్టరు నన్ను "హాజ్జా" అన్నాడు.

"మక్కాకు పోలేదు నాయనా. ఊరికే పదోన్నతి ఇవ్వకు," అన్నాను.

నవ్వాడు. మంచివాడే. తరువాత హాజిమ్‌ను బయటికి పిలిచి తలుపు వేశాడు. ఇక్కడ అందరూ ఇలాగే. రోగి ఎవరో ఆ ఒక్కరికి తప్ప అందరికీ చెబుతారు. ఆరేళ్ళ క్రితం రొమ్ము తీసేసినప్పుడు కూడా ఇదే తలుపు, ఇదే వసారా. "కొవ్వు సంచి అమ్మా, అంతే," అన్నాడు హాజిమ్. కొవ్వు సంచి కోసం రొమ్మంతా తీసి, ఆరు నెలలు జుట్టు రాలగొడతారా? నేను అరబీ పంతులమ్మనే కానీ లెక్కలు కూడా కొంచెం వచ్చు. అయినా "అల్లా దయ, కొవ్వే," అన్నాను. వాడు పడుతున్న కష్టానికి మార్కులు వెయ్యాలి కదా.

ఇవాళ ఒక పొరపాటు జరిగింది. నర్సు కాగితాన్ని హాజిమ్ చేతికి ఇవ్వాల్సింది, నా ఒళ్ళో పెట్టింది. చదివాను. కిరణ చికిత్స, ఒక్కసారి, కుడి దండ ఎముక. దాని పక్కన ఒక విశేషణం: తల్తీఫీ.

హాజిమ్ బయటి నుంచి వచ్చాడు. పాలిపోయి వస్తాడనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"ఒక్కటే సారి అమ్మా! కింద ఇంటి సమీరా ఆంటీకి ముప్పైమూడు సార్లు పెట్టారు, గుర్తుందా? నీకు ఒక్కటే! అదీ తల్తీఫీ అట. లతీఫ్! అంటే సున్నితంగా, తేలిగ్గా. రుమాటిజానికి కూడా ఈమధ్య ఇదే పెడుతున్నారట."

డాక్టరు అన్నీ సరిగ్గానే చెప్పి ఉంటాడు. వీడు తనకు కావలసిన మూడు ముక్కలు ఏరుకుని వచ్చాడు.

నవంబరు 13

ఆ మాటకు ధాతువు మూడక్షరాలు: లామ్, తా, ఫా. దాని మీద లతీఫ్, అంటే సౌమ్యమైనది, మెత్తనిది. అది వస్తువు గుణం. కానీ తల్తీఫ్ వేరు. అది పని. మెత్తగా లేనిదాన్ని మెత్తబరచడం. గట్టిగా ఉండి, పోకుండా ఉండే దాన్ని.

జబ్బు చిన్నదైతే దాన్ని పోగొడతారు. మెత్తబరచరు.

హాజిమ్‌కు వ్యాకరణంలో ఎప్పుడూ పదికి నాలుగు. తప్పు చూడగానే ఎర్ర సిరా తీసే చెయ్యి నాది. నిన్న ఆ మొహం చూసి దిద్దలేదు. అసలు ఆ చెయ్యి లేవడం లేదులే.

వాళ్ళు నాకు తెలియకుండా జబ్బు పేరు దాస్తున్నారు. నేను వాళ్ళకు తెలియకుండా విశేషణం అర్థం దాస్తున్నాను. సరిపోయింది.

నవంబరు 15

నష్వాకు ఇంకా మూడు వారాలు. నాకు ఎల్లుండి.

నవంబరు 17

ఏటా నవంబరులో ఊరిని ఊడ్చిపోయే చీపురు తుఫాను సరిగ్గా రోజు చూసుకుని వచ్చింది. సముద్రం గోడ దాటి రోడ్డు మీదికొచ్చి, ట్రాము పట్టాల దాకా ఊడ్చింది. ఆసుపత్రి చేరేసరికి నా కండువా పిండితే బిందెడు నీళ్ళు.

ఆ యంత్రం భూమి లోపల, కిటికీ లేని గదిలో ఉంది. దారిలో గోడలు గజం మందం. లోపల ఏం పెట్టుకున్నారని ఇంత భయం అనుకున్నాను. మిషను దగ్గర పనిచేసే ఆవిడ కాగితం చూస్తూ వచ్చి, నా మొహం చూసి ఆగిపోయింది.

"అబ్లా! అబ్లా ఖద్రియ్యా!"

ఈ ఊళ్ళో వీపు వెనక నుంచి అబ్లా అని వినపడితే నేను తిరిగి చూస్తాను. పంతులమ్మ పిలుపు ఉద్యోగం వదిలినా వదలదు.

"ఎవరివే నువ్వు?"

"విసామ్‌ని అబ్లా. మూడో ఏడు, బి సెక్షను. మీరు నన్ను రెండుసార్లు బెంచీ ఎక్కించారు."

"రెండుసార్లేనా? అయితే మంచి విద్యార్థివే."

నలభై అయిదు ఉంటాయి దానికి, కళ్ళద్దాలు, తెల్లకోటు. హాజిమ్‌ను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి నడిపించింది. బల్ల మీద కూర్చోగానే కాగితం లాక్కున్నాను.

"ఈ విశేషణానికి ధాతువు చెప్పు."

"అబ్లా..."

"చెప్పు."

"లామ్, తా, ఫా."

"రూపం?"

"తఫ్‌ఈల్. చేయించే రూపం."

"అర్థం?"

"పడుకోండి అబ్లా, చెయ్యి ఇలా పెట్టుకోండి."

"అర్థం అడిగాను."

"మెత్తబరచడం."

"దేన్ని?"

"నొప్పిని అబ్లా."

"జబ్బుని?"

అది తలగడ సర్దింది. సర్దిన తలగడనే మళ్ళీ సర్దింది.

"జబ్బుని కాదు అబ్లా."

"పదికి పది," అన్నాను.

దాని కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకుని, కలం తీసి నా దండ మీద గీతలు గీసింది. ఒకప్పుడు దాని పుస్తకం మీద నేను గీశాను, ఇప్పుడు దాని వంతు. మొదట రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చని, ఆ తరువాత ఓపిక పట్టాలని, రెండు వారాలు, ఒక్కొక్కరికి మూడు పట్టొచ్చని చెప్పింది. పదిమందిలో ఆరేడుగురికి బాగా తగ్గుతుందట.

"మిగతా ముగ్గురూ?"

"వాళ్ళూ మంచివాళ్ళే అబ్లా."

చూశావా, బెంచీ ఎక్కిస్తే పిల్లలకు జవాబు చెప్పడం వస్తుంది.

అది బయటికి పోయి తలుపు వేసింది. తలుపు కాదది, కోట ద్వారం. నేనొక్కదాన్నే మిగిలాను. ఆ పెద్ద తల నా చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి, చేతికి ఎదురుగా ఆగింది. ముట్టుకోలేదు. మూర దూరంలో ఆగి చూస్తున్నట్టు ఉంది. నేనూ చూశాను. ఎక్కడో కీచుమని సన్న చప్పుడు. వేడి లేదు. వెలుగు లేదు. చర్మానికి తెలియలేదు, నూగు కదలలేదు. మేడ మీద ఎండైనా తగిలితే తెలుస్తుంది. ఇది నన్ను దాటి, నా లోపలి నుంచి దాటి, ఏదో గాలి కూడా కానిది పోయింది. గజం మందం గోడలు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇంత గొప్పది ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మూడు నిమిషాలు.

"అయిపోయింది అబ్లా."

"ఏమయింది?"

"అదే."

"ఏదీ?"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెద్దవాళ్ళ ముందు నిలబడ్డ పిల్లలాగ అయిపోయాను.

నవంబరు 18

పెరిగింది.

నవంబరు 19

ఇంకా.

నవంబరు 20

మాత్రలు. దేవుడా.

నవంబరు 22

హాజిమ్ సూపు తెచ్చాడు. "రేపటికి తగ్గిపోతుందమ్మా, తేలిక చికిత్స కదా," అన్నాడు.

"తేలికైతే నువ్వు పెట్టించుకో," అన్నాను. అరిచాను. వాడు సూపు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. యాభై ఏళ్ళవాడు.

క్షమాపణ చెప్పలేదు. సూపు తాగాను. వాడికి అది చాలు.

నవంబరు 24

నొప్పి మామూలు స్థాయికి వచ్చింది. అంటే తుఫానుకు ముందు ఉన్నంత. దీనికోసమా ఆ కోట ద్వారాలు?

నేను ఆ ముగ్గురిలో ఒకదాన్ని. మంచిదాన్ని.

దౌలత్ ఫోను చేసింది, రోలు తోమి పెట్టమంటారా అని. వద్దన్నాను.

నవంబరు 26

ఏమీ లేదు.

నేనేం ఎదురుచూడటం లేదు.

నవంబరు 27

ఏమీ లేదు. రోకలి జోలికి పోలేదు. పోయాను. లేవలేదు.

నవంబరు 29

పొద్దున ఆరున్నరకు లేచాను. గాలి తగ్గింది. టీ పెట్టుకున్నాను. చక్కెర డబ్బా దించి, రెండు చెంచాలు వేసి, కలిపి, బాల్కనీ దగ్గర కూర్చుని తాగాను. మూడో అంతస్తు దర్జీ పెళ్ళాం బట్టలు ఆరేస్తూ మొగుణ్ణి ఏదో అంటోంది, చెవి పెట్టి విన్నాను, ఏం కొత్త మాటలు లేవు.

గ్లాసు సగమయ్యాక గుర్తొచ్చింది. చక్కెర డబ్బా పై అరలో ఉంటుంది.

ఏ చేత్తో దించాను?

గ్లాసు కింద పెట్టాను. భయమేసింది. కదిపితే పోతుందేమోనని, పిచ్చుక వాలినట్టు చెయ్యిని అలాగే ఒళ్ళో ఉంచుకుని ఎంతసేపు కూర్చున్నానో. తరువాత మెల్లగా ఎత్తాను. భుజం దాకా. తల దాకా. జుట్టు ముట్టుకున్నాను. రెండు నెలల తరువాత నా జుట్టును నా కుడిచెయ్యి ముట్టుకుంది.

నొప్పి రావడం మనకు తెలుస్తుంది. పోవడం తెలియదు. ట్రాములు సమ్మె కట్టిన రోజున కూడా అంతే, మధ్యాహ్నం అయ్యాక గానీ ఇంట్లో ఏదో తేడాగా ఉందని తోచదు. నా ఎముకలో రెండు నెలలుగా ఎవరో సుత్తి పెట్టుకుని కూర్చున్నారు. లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ తలుపు కూడా చప్పుడు కాకుండా వేశారు.

పన్నెండు రోజులు! ఆ మూడు నిమిషాల పని పన్నెండు రోజులు నాలో జరుగుతూనే ఉందా? నేను హాజిమ్ మీద అరుస్తున్నప్పుడు? ఏమీ లేదు, ఏమీ లేదు అని ఇక్కడ రాస్తున్నప్పుడు? నేను నమ్మలేదని అది మానలేదు. నన్ను అడగలేదు, నా మాట పట్టించుకోలేదు. ఎంత మర్యాద, ఎంత పట్టుదల.

పాత నమాజులన్నీ మాటలు తెలిసి చదివినదాన్ని. ఇవాళ మాటలు లేకుండా కాసేపు నేల మీద తల పెట్టుకుని ఉన్నాను.

ఇది కుడిచేత్తో రాశాను. అరచేతికి సిరా అంటింది.

నవంబరు 30

ఇంకా లేదు. నొప్పి, లేదు.

డిసెంబరు 1

విసామ్ తప్పు చెప్పి ఉండొచ్చు. అది మిషను నడిపే మనిషి, డాక్టరు కాదు. తొందరపడి పదికి పది వేశాను. ఇంత పోయినప్పుడు, నొప్పితో పాటు అదీ కొంచెం పోయి ఉండకూడదా? ఒకవేళ హాజిమ్ అన్నట్టే ఇది నిజంగా

అరటిపళ్ళు కొనాలి.

డిసెంబరు 3

ఆడపిల్ల. మూడు కిలోల పైచిలుకు. కోసి తీశారు, ఇద్దరూ క్షేమం.

ఎత్తుకున్నాను. కుడిచేత్తోనే. దాని తల సరిగ్గా ఆ గీతలు గీసిన చోట ఆనింది. గీతలు ఇంకా పూర్తిగా పోలేదు. ఏమీ తెలియకుండా నిద్రపోయింది. నా పక్కవాళ్ళంతా ఏదో మాట్లాడుతున్నారు, నాకు ఒక్క మాట వినపడలేదు.

డిసెంబరు 5

విసామ్ నన్ను చూడటానికి వచ్చింది, నారింజపళ్ళతో. చెయ్యి ఎత్తి చూపించాను. చప్పట్లు కొట్టింది. సెలవు దొరికిన పిల్లలాగ.

"పన్నెండో రోజున," అన్నాను. "చక్కెర డబ్బా."

"ఒక్కొక్కరు ఒక్కో వస్తువు చెబుతారు అబ్లా. ఒకాయన చెప్పు తొడుక్కున్నాక ఏడ్చాడు. ఒకావిడ తలుపు గొళ్ళెం అంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, ఆ మాట చెప్పడానికి ఎవరు తిరిగొచ్చినా నాకు ఇంకా ఒళ్ళు జల్లుమంటుంది."

అప్పుడు అడిగాను, నారింజ ఒలుస్తూ, ఏదో మాటవరసకన్నట్టు. "నొప్పి పోయిందంటే, లోపలిది కూడా..."

ఒలుస్తున్న నా చేతుల మీద చెయ్యి వేసింది.

"నొప్పి పోయింది అబ్లా. ఎముక ఇంకా తేనెపట్టులాగే ఉంది. గట్టిపడటానికి నెలలు పడుతుంది. మిగతా చోట్ల ఉన్నది అలాగే ఉంది. మీరు నాకు తప్పు చెప్పొద్దని నేర్పారు."

"బరువు?"

"టీ గ్లాసు. అంతకంటే ఎత్తొద్దు. నొప్పి లేదు కదాని చేతిని నమ్మొద్దు."

"ఇత్తడి రోకలి?"

"ఏమిటి?"

సంగతి చెప్పాను. "మీరు ఎత్తకండి. ఎవరైనా మోచెయ్యి కింద పట్టుకుంటే, జానెడు లేపి వదిలేయండి. అదే పడుతుంది," అంది.

వెళ్తూ తలుపు దగ్గర నన్ను గట్టిగా కౌగిలించుకుంది. అంటే జాగ్రత్తగా, ఎడమ వైపు నుంచి.

పదికి పదే. దిద్దడానికి లేదు.

డిసెంబరు 7

హాజిమ్ మిఠాయి పొట్లాలతో వచ్చాడు. సంతోషంతో నేల మీద లేడు.

"అమ్మా, పేరు కుదిరింది. నష్వా సరేనంది, దౌలత్ అత్త కూడా. లతీఫా!"

"లతీఫా ఎందుకు?"

"నీ చికిత్స పేరే! తల్తీఫీ. నీ చేతిని మనకు తిరిగిచ్చింది కదా. జబ్బు ఎంత తేలిక... ఎంత చిన్న రుమాటిజమో అందరికీ గుర్తుండాలి. ఏడో రోజున నువ్వే రోలు మోగించి పిలవాలి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మంచి పేరే," అన్నాను. వాడు నా కుడిచెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆసుపత్రిలో దిద్దకుండా వదిలిన తప్పు ఇప్పుడు ఒక పిల్ల నెత్తి మీదికి వచ్చింది. ఇక దాన్ని జీవితాంతం ఆ పేరుతో పిలుస్తారు. నేను పోయాక, ఇది ఇలా ఎందుకు జరిగింది, తేలిక అన్నారు కదా అని పిలిచినప్పుడల్లా తలుచుకుంటారు. డాక్టర్లు మోసం చేశారనుకుంటారు. ఆ యంత్రం అబద్ధమనుకుంటారు. అది మాత్రం నేను ఒప్పుకోను. అది ఏం చేస్తానందో అదే చేసింది.

డిసెంబరు 10

నిన్న ఏడో రోజు. నిన్న రాయలేదు, రాసే స్థితి కాదు. పొద్దున్నే కూర్చున్నాను.

నష్వా ఇంటి నిండా ఆడవాళ్ళు. ఉప్పు, కొవ్వొత్తులు, ఏడు రకాల గింజలు. పిల్లను జల్లెడలో పెట్టి నేల మీద ఉంచారు. తల దగ్గర రోలు. నేను కింద కూర్చున్నాను, దౌలత్ నా పక్కన. ఆవిడ రోకలి తీసుకుంటుందనుకున్నాను. తీసి నా చేతికి ఇచ్చింది. ఇచ్చి, తన ఓడరేవు చెయ్యి నా మోచెయ్యి కింద పెట్టింది. నేను అడగలేదు. తెలుసన్నమాట. ఎప్పటి నుంచో తెలుసు. రోలు తాను మోగిస్తానన్నది అందుకే. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఈ పుస్తకంలో ఎన్ని మాటలన్నాను!

"కానివ్వండి వదినగారూ," అంది మెల్లగా. "బరువు నేను చూసుకుంటా."

చెయ్యి లేచింది. జానెడు. నొప్పి లేదు. వదిలాను. ఖంగ్!

"అమ్మ మాట విను," అన్నాను.

నవ్వులు. మళ్ళీ. ఖంగ్!

"నాన్న మాట వినకు."

మొగవాళ్ళ గదిలోంచి అల్లుడు అభ్యంతరం చెప్పాడు. మరీ నవ్వులు. హాజిమ్ గుమ్మం దగ్గర నిలబడి ఫోనుతో తీస్తున్నాడు.

ఖంగ్!

"నీ పేరు లతీఫా. మీ మామయ్య మాట వినకు, వాడికి వ్యాకరణం రాదు."

హాజిమ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే మళ్ళీ వదిలాను.

"లతీఫా అంటే తేలిక కాదు. తీసేయలేని బరువును మెత్తబరిచేది. అమ్మమ్మకు ఉన్నది రుమాటిజం కాదు. ఆరేళ్ళుగా ఉన్నది. అది పోదు. అమ్మమ్మకు మొదటి నుంచీ తెలుసు."

ఎవరో గింజలు చల్లబోయి ఆగిపోయారు. దౌలత్ చెయ్యి నా మోచెయ్యి కింద నుంచి కదలలేదు. హాజిమ్ ఫోను దించాడు. నేను వాడి వంక చూడలేదు. చూస్తే అక్కడితో ఆగిపోతాను. పిల్ల వంకే చూశాను.

"కానీ ఈ చెయ్యి చూడు," అన్నాను. "నిన్ను పిలవడానికి లేవాలనుకున్నాను, లేచింది. ఎవరూ ముట్టుకోలేదు. కంటికి కనపడనిది ఏదో వచ్చి మూడు నిమిషాలు నాతో ఉండి, ఈ రోజును నాకు ఇచ్చి పోయింది. అది చిన్న పని కాదు. నీ పేరు చిన్న పేరు కాదు."

ఖంగ్!

పిల్ల ఉలిక్కిపడింది. రెండు చేతులూ ఒక్కసారి పైకి లేచి, వేళ్ళు విచ్చుకుని, గాల్లో దేన్నో పట్టుకోబోయి, నెమ్మదిగా గుండె మీదికి వచ్చాయి. కళ్ళు తెరిచింది. ఏడవలేదు. వారం వయసు మనిషి, మొదటిసారి ఒక చప్పుడును పూర్తిగా విని, దాని గురించి ఆలోచిస్తున్నట్టు చూసింది. గదిలో అందరం దానికేసే చూస్తున్నాం.

ఇక తల్లి జల్లెడను ఏడుసార్లు దాటాలి. నష్వా గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కడుపు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని. చెంపల మీద కారుతున్నది తుడుచుకోవడం లేదు.

"దాటు," అన్నాను.

దాటింది. "ఒకటి," అంది పైకి. దౌలత్ అందుకుంది, "రెండు." తరువాత అందరూ. ఏడు దాకా అరిచారు. సంతోషంతోనో ఏడుపుతోనో తెలియని ఆ కేక పైకప్పు దాకా పోయింది.

డిసెంబరు 11

హాజిమ్ వచ్చాడు. కుళాయి వాషరు మార్చాడు. అది బాగానే ఉంది, అయినా మార్చనిచ్చాను.

చివరికి, "నీకు తెలుసని నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

"నేనూ అందుకే."

నేల మీద నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, రెంచి చేతిలోనే ఉంది.

"ఎంతకాలం?" అన్నాడు.

"ధాతువు అడుగు, చెబుతాను. ఇది నా సిలబస్ కాదు."

నవ్వాడు. నవ్వుతూనే నా మోకాలి మీద తల పెట్టుకున్నాడు. కుడిచెయ్యి వాడి జుట్టులో పెట్టాను. వెంట్రుకలు తెల్లబడ్డాయి వీడికి. దగ్గర నుంచి ఇన్నాళ్ళూ చూడలేదు.

"పేరు మార్చేద్దామా?" అన్నాడు.

"నష్వా ఏమంది?"

"మారిస్తే చంపుతానంది."

డిసెంబరు 14

ఎడమ తుంటిలో కొత్తగా ఏదో మొదలైంది. విసామ్‌కు చెప్పాను. అవసరమైతే దానికీ మూడు నిమిషాలు ఉన్నాయంది.

పొద్దున నష్వా ఫోను చేసింది. వెనక పిల్ల ఏడుస్తోంది. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగింది.

ఆరేళ్ళుగా రోజూ అడిగే ప్రశ్నే. "అల్లా దయ," అన్నాను, ఎప్పటిలాగే. నష్వా అక్కడ ఆగలేదు, ఫోను పెట్టలేదు. వింటూ ఉంది.

చెప్పాను.